వేప్ అడిగితే ప్రశ్నలడిగారు!

‘‘ఈసారి వచ్చేటప్పుడు ఆ పెన్ను లాంటిది నాకూ ఒకటి పట్రారా. దాంతో నేనూ సిగరెట్ మానేస్తా.’’

2024 దసరా రోజు వీడియో కాల్‌లో నాన్న అన్నమాట ఇది. ఆయన ఒంగోలులో, నేను మెల్‌బోర్న్‌లో. మాట్లాడుతూ మాట్లాడుతూ నేను చేతిలోని వేప్ పీల్చడం ఆయన కంట పడింది. నలభై ఏళ్లుగా సిగరెట్ కాలుస్తున్న మనిషి. 2023లో గుండెకు స్టెంట్ వేశారు. ‘మానేయాల్సిందే’ అని డాక్టర్ చెప్పి పంపితే రెండు నెలలు ఆగి, మళ్లీ బడ్డీ కొట్టు దగ్గరికి నడక మొదలుపెట్టారు. ఫోన్ చేసిన ప్రతిసారీ ‘నాన్నా, మానేశారా?’ అని నేను అడగడం, ‘నువ్వు మానేశావురా?’ అని ఆయన తిరిగి అడగడం. అక్కడితో ఇద్దరి నోళ్లూ మూతపడేవి.

అలాంటి మనిషి తనంతట తాను ‘మానేస్తా’ అన్నారు. ఇంతకంటే ఏం కావాలి? సోమవారం ఆఫీసు అవగానే మా వీధి చివర ఉన్న మందుల షాపుకి వెళ్లాను. ఒకటి నాకు, ఒకటి నాన్నకు. సంక్రాంతికి ఇంటికి వెళ్లేటప్పుడు సూట్‌కేసులో పెట్టుకుపోదామని ప్లాన్.

అరగంట తర్వాత బయటికొచ్చాను. చేతిలో ఒక్క వేప్ కూడా లేదు.

చీటీ లేకుండానే... కానీ!

మందుల షాపుకే ఎందుకు వెళ్లానో ముందు చెప్పాలి. ఆస్ట్రేలియాలో 2024 జులై 1 నుంచి వేప్‌లు మందుల షాపుల్లో తప్ప ఇంకెక్కడా అమ్మకూడదు. నికోటిన్ ఉన్నా లేకపోయినా అంతే. అప్పటిదాకా సిగరెట్ కొట్లలో, కిరాణా షాపుల్లో రంగురంగుల డబ్బాలు దొరికేవి. పుచ్చకాయ, మామిడి, ద్రాక్ష... చూస్తే చాక్లెట్ల షాపేమో అనిపించేది. బడి పిల్లల బ్యాగుల్లోకి కూడా అవి చేరిపోవడంతో ప్రభుత్వం పట్టు బిగించింది. 2024 జనవరిలో వాడి పారేసే వేప్‌ల దిగుమతి ఆపేసింది. మార్చి నుంచి, చికిత్స కోసం అని నమోదు కాని ఏ రకం వేప్ కూడా దేశంలోకి రాకూడదంది. జులైలో అమ్మకాలను మందుల షాపులకే పరిమితం చేసింది.

మొదట డాక్టర్ చీటీ తప్పనిసరి. అక్టోబర్ 1 నుంచి అందులో ఓ సడలింపు వచ్చింది. 18 ఏళ్లు నిండినవాళ్లకు, మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములకు మించని నికోటిన్ ఉన్న వేప్‌ను ఫార్మసిస్టే చీటీ లేకుండా ఇవ్వొచ్చు. అంతకంటే ఘాటైనది కావాలంటే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. రాష్ట్రాన్ని బట్టి నిబంధనలు ఇంకా గట్టిగా ఉండొచ్చు.

ఈ వార్త చదివే నేను ధీమాగా వెళ్లాను. కౌంటర్‌లో ఉన్న ఫార్మసిస్టు మన అమ్మాయే. గుంటూరులో బీ-ఫార్మసీ చేసి, ఇక్కడికొచ్చి ‘కాప్స్’ అనే పరీక్ష రాసి, శిక్షణ పూర్తిచేసి లైసెన్సు తెచ్చుకున్నారు. నా పేరు చూసి తెలుగులోకి మారారు. పక్కనే ఉన్న చిన్న గదిలో కూర్చోబెట్టారు. ఇక ప్రశ్నలు మొదలు.

‘‘పొద్దున లేచాక మొదటి సిగరెట్ ఎంతసేపటికి కాలుస్తారండీ?’’

‘‘పావుగంటలో.’’

‘‘రోజుకి ఎన్ని?’’

‘‘ఓ పది. వేప్ అయితే... లెక్కలేదు.’’

‘‘ఇంతకుముందు మానే ప్రయత్నం చేశారా? ప్యాచ్ గానీ గమ్ గానీ వాడారా?’’

‘‘లేదండీ.’’

‘‘వేరే మందులేమైనా వాడుతున్నారా?’’

ఆ ప్రశ్నలన్నీ మామూలు కబుర్లనుకున్నాను. కాదట. లేచిన అరగంటలోపు సిగరెట్ కావాల్సి వస్తోందంటే నికోటిన్‌కు శరీరం బాగా అలవాటు పడిందని అర్థం. ఎంత మోతాదు మందు ఇవ్వాలో దాన్నిబట్టే తేలుస్తారు. చివరికి ఆమె చెప్పిందేంటంటే, ‘‘మీరు ఇంకా మొదటి మెట్టే ఎక్కలేదు. వేప్ మొదటి మెట్టు కాదు.’’

నాకు కోపం వచ్చింది. ‘‘చట్టం ఇవ్వొచ్చంటోంది కదండీ?’’ అన్నాను.

‘‘ఇవ్వొచ్చు అంది. ఇవ్వాలి అనలేదు’’ అన్నారు నవ్వుతూ.

మందు కాదు... మందుల షాపులోనే అమ్మాలి!

ఆ నవ్వు వెనక ఉన్న ఇబ్బంది తర్వాత అర్థమైంది. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ని. ఒక కోడ్‌ని పరీక్షించకుండా కస్టమర్‌కి పంపమంటే నాకు చెమటలు పడతాయి. ఫార్మసిస్టుల పరిస్థితి కూడా అదే.

మందుల షాపులో చీటీతో ఇచ్చే మాత్ర అయితే సాధారణంగా, అది పనిచేస్తుందా, భద్రమేనా అన్నది ఆ దేశపు మందుల నియంత్రణ సంస్థ తేల్చాకే అరలోకి వస్తుంది. ఆస్ట్రేలియాలో ఆ పని చూసే సంస్థ టీజీఏ. ఇప్పుడు అమ్మే వేప్‌లలో ఒక్కటి కూడా అలా ఆమోదం పొందినది కాదు. ‘మా వస్తువు ఫలానా ప్రమాణాల ప్రకారం ఉంది’ అని కంపెనీ రాసిచ్చిన జాబితాలో ఉంటే చాలు, అమ్ముకోవచ్చు. అంటే దీన్ని అమ్మే పని ఫార్మసిస్టుది. కానీ ‘ఇది పరీక్షించి ఒప్పుకున్న మందు’ అని ధైర్యంగా చెప్పే వీలు లేదు.

అందుకే 2024 జూన్‌లో పార్లమెంటులో ఈ సడలింపు ఖాయమైనప్పుడు అక్కడి మందుల షాపుల యజమానుల సంఘం, ‘ఫార్మసీ గిల్డ్’, మండిపడింది. డాక్టర్ చీటీతోనే ఇవ్వాలన్నది ప్రభుత్వం మొదట పెట్టిన బిల్లు. సెనెట్‌లో గ్రీన్స్ పార్టీ మద్దతు కోసం దాన్ని మార్చారు. ‘మేం వైద్య సేవ చేసేవాళ్లం, వేప్ దుకాణదారులం కాదు’ అన్నది గిల్డ్ వాదన. పెద్ద పెద్ద ఫార్మసీ సంస్థలు కొన్ని తాము అసలు అమ్మబోమన్నాయి. చట్టం కూడా అమ్మి తీరాలని ఎవర్నీ బలవంతపెట్టలేదు. దాంతో ఒక వీధిలోని షాపులో దొరుకుతుంది, పక్క వీధిలో దొరకదు.

అమ్మాలనుకున్న షాపు పాటించాల్సినవి కూడా తక్కువేం కాదు. వయసు రుజువు చూడాలి. విడిగా కూర్చోబెట్టి మాట్లాడాలి. వేరే చికిత్సలు ఉన్నాయని చెప్పాలి. ఇది ఆమోదం లేని వస్తువని వివరించి ఒప్పుకోలు తీసుకోవాలి. నెలకు సరిపడా మాత్రమే ఇవ్వాలి. ఇచ్చిన సంగతి ప్రభుత్వానికి తెలియజేయాలి. అద్దాల అరలో పెట్టి చూపించకూడదు, ప్రకటనలు ఇవ్వకూడదు. రుచుల్లో పొగాకు, పుదీనా, మెంథాల్ తప్ప ఇంకేవీ లేవు. మామిడిపండు రుచి కోసం వచ్చినవాడు తిరిగి వెళ్లిపోతాడు. అలా వెళ్లినవాళ్లలో కొందరు దొంగచాటుగా అమ్మేవాళ్ల దగ్గరికే పోతారన్నది ఆమె బాధ.

‘‘గట్టిగా ఉంటే దొంగ సరుకు దగ్గరికి పోతారు. వదులుగా ఉంటే ఎప్పుడూ సిగరెట్ ముట్టని పిల్లాడు కూడా మొదలుపెడతాడు. రోజూ ఈ రెండిటి మధ్యే మా నడక’’ అన్నారు.

మరి ఎవరికి ఇస్తారు?

మా రూమ్మేట్‌కి అదే షాపులో వేప్ ఇచ్చారు. అది తెలిసి నేను మొదట అలిగాను కూడా! కానీ వాడి కథ వేరు. పదిహేనేళ్ల అలవాటు. ప్యాచ్ వేశాడు, గమ్ నమిలాడు, డాక్టర్ రాసిన వారెనిక్లిన్ మాత్రలు కూడా వాడాడు. ప్రతిసారీ నెలకో రెండు నెలలకో మళ్లీ మొదటికొచ్చాడు. ఆస్ట్రేలియా డాక్టర్ల మార్గదర్శకాలు చెప్పేది కూడా ఇదే. ముందు ఆమోదం పొందిన చికిత్సలు. అవి పనిచేయకపోతే, అన్నీ వివరించాక, అప్పుడు వేప్ సంగతి ఆలోచించొచ్చు.

పనిచేస్తుందా అంటే, పనిచేస్తుందనే చెప్పాలి. ప్రపంచవ్యాప్తంగా జరిగిన పరిశోధనలను జల్లెడ పట్టే కోక్రేన్ సంస్థ లెక్క ప్రకారం, ప్యాచ్, గమ్ లాంటివి వాడిన 100 మందిలో సుమారు 6 మంది సిగరెట్ మానగలిగితే, నికోటిన్ వేప్ వాడినవాళ్లలో 8 నుంచి 10 మంది మానగలిగారు. బ్రిటన్ అయితే ‘పొగ మాని దీనికి మారండి’ అంటూ 2023లో పది లక్షల మందికి వేప్ కిట్లు ఇచ్చే పథకమే ప్రకటించింది. అయితే దీర్ఘకాలంలో ఊపిరితిత్తులకు ఏమవుతుందన్నది తేలాలంటే ఇంకా ఏళ్లు పడుతుంది. సిగరెట్ కంటే తక్కువ హాని అన్నంత మాత్రాన హాని లేనిదని కాదు. ఒకే సమాచారాన్ని ముందు పెట్టుకుని బ్రిటన్ ఒక దారిలో, ఆస్ట్రేలియా ఇంకో దారిలో వెళ్లడానికి కారణం ఇదే.

రూమ్మేట్‌కి ఇంకో చిక్కు వచ్చింది. అంతకుముందు వాడు బయట కొన్న డబ్బాల మీద ‘5 శాతం’ అని ఉండేది. లెక్కేస్తే మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాములు. ఫార్మసిస్టు చీటీ లేకుండా ఇవ్వగలిగింది 20. సగం కూడా కాదు! మొదటి వారం వాడు ఇల్లంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. మళ్లీ వెళితే ఆమె తిట్టలేదు. కోరిక మరీ పెరిగినప్పుడు నోట్లో వేసుకోవడానికి నికోటిన్ బిళ్లలు జతచేశారు. ఏ నెలకు ఎంత తగ్గించాలో కాగితం మీద రాసిచ్చారు. వాడు సిగరెట్ మానేశాడు. వేప్ మాత్రం ఇంకా పూర్తిగా మానలేదు, తగ్గిస్తున్నాడు. దీన్ని గెలుపు అనాలా, సగం గెలుపు అనాలా? ‘‘సిగరెట్ లేని ప్రతి రోజూ లెక్కలోకే వస్తుంది’’ అంటారామె.

కాఫీ కూడా తగ్గించాలట!

ఇక నా సంగతి. నాకు ఇచ్చింది రోజంతా ఒంటికి అంటించుకునే 21 మిల్లీగ్రాముల ప్యాచ్, మధ్యమధ్యలో మనసు లాగినప్పుడు చప్పరించడానికి నికోటిన్ బిళ్లలు. ప్యాచ్ నికోటిన్‌ని నెమ్మదిగా అందిస్తూ ఉంటుంది. బిళ్ల ఆ క్షణానికి పనికొస్తుంది. రెండూ కలిపి వాడితే ఒక్కటే వాడినదానికంటే మంచి ఫలితం ఉంటుందని చెప్పారు.

లేవబోతుంటే అడిగారు... ‘‘రోజుకి కాఫీ ఎన్నిసార్లు?’’

‘‘నాలుగు. రిలీజ్ ఉన్న రోజు ఆరు.’’

‘‘సగం చేయండి.’’

సిగరెట్‌కీ కాఫీకీ సంబంధం ఏంటి? పొగలోని కొన్ని రసాయనాలు కాలేయంలో ఒక ఎంజైమ్‌ని ఉసిగొల్పుతాయి. కెఫీన్‌ని విరగ్గొట్టి బయటికి పంపేది ఆ ఎంజైమే. పొగ ఆగిపోతే దాని జోరు తగ్గుతుంది. అప్పటిదాకా తాగినంత కాఫీయే తాగినా ఒంట్లో కెఫీన్ దాదాపు రెట్టింపు నిలుస్తుంది. గుండె దడ, నిద్ర పట్టకపోవడం, చిరాకు. మనమేమో ‘సిగరెట్ మానినందుకే ఇదంతా’ అనుకుని మళ్లీ అంటించేస్తాం!

కాఫీ అయితే దడతో పోతుంది. మానసిక సమస్యలకు వాడే క్లోజపిన్, ఆయాసానికి వాడే థియోఫిలిన్ లాంటి మందులనూ ఆ ఎంజైమే కరిగిస్తుంది. అవి వాడేవాళ్లు ఒక్కసారిగా పొగ మానితే ఒంట్లో మందు పాళ్లు ప్రమాదకరంగా పెరగొచ్చు. ఇది నికోటిన్ వల్ల వచ్చేది కాదు, పొగ వల్ల వచ్చేది. కాబట్టి సిగరెట్ నుంచి వేప్‌కి మారినా ఇదే జరుగుతుంది. ‘వేరే మందులేమైనా వాడుతున్నారా’ అని ఆమె అడిగింది అందుకు. సిగరెట్ కొట్టువాడు ఈ ప్రశ్న అడగడు కదా! వేప్‌ని మందుల షాపులో పెట్టడం తప్పో ఒప్పో నాకు తెలియదు గానీ, ఈ ఒక్క ప్రశ్న కోసమైనా అక్కడికి వెళ్లడం మంచిదే అనిపించింది.

నాన్నకు మాత్రం...

చివరగా నాన్న సంగతి చెప్పాను. ‘‘ఒకటి ఇంటికి తీసుకెళ్దామని...’’

ఆమె తల అడ్డంగా ఊపారు. వేరే మనిషి కోసం ఇవ్వడం కుదరదు. ఆ మనిషి ఎదురుగా ఉండి మాట్లాడాలి. పైగా ‘‘మన దేశంలో అది నేరం, తెలుసు కదా?’’ అన్నారు.

తెలుసు, కానీ ఇంతని తెలియదు. భారత్‌లో 2019 సెప్టెంబర్‌లో ఆర్డినెన్సు, ఆ డిసెంబర్‌లో చట్టం వచ్చాయి. ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, ప్రకటన అన్నీ నిషేధం. మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా. నిల్వ ఉంచినా ఆరు నెలల వరకు జైలు, 50 వేల వరకు జరిమానా పడొచ్చు. చదువుకున్నవాణ్ని, సూట్‌కేసులో పెట్టుకుపోదామనుకున్నాను!

అంటే ఒంగోలు మెడికల్ షాపాయనకి వేప్ విషయంలో ‘ఇవ్వొచ్చా, వద్దా’ అన్న తర్జనభర్జనే లేదు. ఇవ్వకూడదు, అంతే. మరి ఏం ఇవ్వొచ్చు? 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ చీటీ లేకుండానే ఇవ్వొచ్చు. 4 మిల్లీగ్రాములదైతే డాక్టర్ చీటీ కావాలి. అంటే మన దగ్గరా సాధనం ఉంది. లేనిది ఆ చిన్న గది, ఆ నాలుగు ప్రశ్నలు.

సంక్రాంతికి వెళ్లాక ఆ సంగతి స్పష్టంగా తెలిసింది. నాన్న ఏడాది కిందటే గమ్ కొన్నారట! ‘‘అదొట్టి దండగరా. మంట, ఎక్కిళ్లు. రెండు నమిలి పారేశా’’ అన్నారు. ఎలా నమిలారని అడిగితే, బబుల్‌గమ్ లాగా గబగబా, పైగా టీ తాగుతూ. షాపులో స్ట్రిప్ కత్తిరించి చేతిలో పెట్టారు, డబ్బులు తీసుకున్నారు. ఎలా వాడాలో ఎవరూ చెప్పలేదు. ఆయన్నీ తప్పుపట్టలేను. కౌంటర్ ముందు పదిమంది నిలబడి ఉంటారు, ఆయన ఒక్కడే.

మెల్‌బోర్న్ గదిలో నేర్చుకున్నది నాన్నకు చెప్పాను. నెమ్మదిగా నాలుగుసార్లు నమలాలి. మిరియం కొరికినట్టు చురుక్కుమనగానే ఆపి, చెంపకీ చిగురుకీ మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. అలా అరగంట. నికోటిన్ నోటిలోంచే ఒంట్లోకి వెళ్లాలి. గబగబా నమిలి మింగితే కడుపులోకి పోతుంది, మంటా ఎక్కిళ్లూ అందుకే. నమలడానికి పావుగంట ముందు నుంచీ టీ, కాఫీ, పళ్లరసం తాగకూడదు. నాన్న పొద్దున ఐదింటికి లేవగానే సిగరెట్ వెలిగిస్తారు కాబట్టి 2 మిల్లీగ్రాములు చాలకపోవచ్చు. స్టెంట్ ఉంది కాబట్టి సొంతంగా నిర్ణయించకూడదు. ఇద్దరం గుండె డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఆయన 4 మిల్లీగ్రాముల గమ్ రాశారు. ఆ చీటీ తీసుకుని అదే మెడికల్ షాపుకి వెళ్లాం.

షాపాయన ఈసారి చీటీ చూసి తలెత్తారు. ‘‘ఎవరికి, నాన్నగారికా? మానేస్తున్నారా మాస్టారూ?’’ అన్నారు. గమ్ ఎలా వాడాలో నేను చెబుతుంటే శ్రద్ధగా విని, ‘‘ఈ ముక్క నాకు ఎవరూ చెప్పలేదు బాబూ. ఇంకో ఇద్దరు ముగ్గురు ఇలాగే పారేశామన్నారు’’ అన్నారు. 

ఇప్పుడెలా ఉందంటే...

నేను ప్యాచ్‌లు మెల్లగా తగ్గించుకుంటూ వచ్చి మానేశాను. డిసెంబర్‌లో ఒక పార్టీలో ఒకటి కాల్చాను. సిగ్గుపడుతూ వెళ్లి చెబితే, ‘‘ఒక్క మెట్టు జారారు. మెట్లన్నీ దిగిపోవాల్సిన పని లేదు’’ అన్నారామె. ఆ తర్వాత ముట్టలేదు.

నాన్న పూర్తిగా మానలేదు. రోజుకి పద్దెనిమిది నుంచి మూడుకి వచ్చారు. మధ్యలో ఒకసారి పదికి వెళ్లి మళ్లీ తగ్గారు. అబద్ధం చెప్పడం మాత్రం మానేశారు. ‘‘నిన్న నాలుగురా’’ అని ఆయనే చెబుతారు. పోయిన వారం అమ్మ ఫోన్ చేసి, ‘‘మెడికల్ షాపాయన మీ నాన్నని రోడ్డు మీద ఆపి, ‘గమ్ అయిపోయి ఉండాలి కదా మాస్టారూ, రాలేదేం’ అని అడిగాడటరా’’ అంది. 

చట్టాలు దేశానికొక రకం. ఒకచోట కౌంటర్ వెనక పెట్టి ఇస్తారు, ఒకచోట జైలు. కానీ మానాలనుకున్న మనిషికి ‘రాలేదేం’ అని అడిగే మనిషి ఒకరు కావాలి. మెల్‌బోర్న్‌లో నాకు దొరికారు. ఒంగోలులో నాన్నకూ దొరికారు.

మానాలనుకుంటే...

* పొగాకు మానేందుకు సాయం చేసే జాతీయ క్విట్‌లైన్ నంబరు 1800-11-2356. ఉచితం. మన సిగరెట్ పెట్టెల మీద ఉండేది ఈ నంబరే.
* గుండె జబ్బు, మానసిక సమస్యలు, ఆయాసం లాంటివాటికి మందులు వాడేవాళ్లు, గర్భిణులు ముందు డాక్టర్‌తో మాట్లాడాకే గమ్ అయినా ప్యాచ్ అయినా మొదలుపెట్టాలి.
* మెడికల్ షాపులో గమ్ కొన్నప్పుడు ‘ఎలా నమలాలి?’ అని అడగండి. చెప్పకపోతే మళ్లీ అడగండి.
* విదేశాల నుంచి వచ్చేటప్పుడు వేప్ తేవద్దు, తెమ్మని పిల్లల్ని అడగొద్దు.